తలలో పేలు, చేతిలో పురుగుమందు



మొన్న ఆదివారం మినుము చేలో పేనుబంకకి మందు కొట్టి ఇంటికొస్తున్నాను. వీధి మొదట్లో అరుగు మీద కూచున్న ముసలమ్మ పిలిచింది. నాకు వరసకి పెద్దమ్మ. "ఒరే బావూ, ఆ డబ్బాలో చుక్క మందు మిగిలిందేటి? ఉంటే ఇయ్యిరా. గుంట తల నిండా పేలు. రాత్రిళ్లు నిద్దరోడం లేదు" అంది. పక్కన మనవరాలు కూచుంది. ఏడేళ్లుంటాయేమో. రెండు చేతులతో తల గోక్కుంటోంది.

డబ్బా నా చేతిలోనే ఉంది. అడుగున మందు కూడా ఉంది. "అయిపోయింది పెద్దమ్మా" అని అబద్ధమాడి వచ్చేశాను. కాళ్లు కడుక్కుని కంచం ముందు కూచున్నాను గానీ ముద్ద దిగలేదు. ఎందుకు దిగలేదో ఈ పోస్టు చివరికి మీకే తెలుస్తుంది. నేను ఇవ్వకపోతే ఆవిడ ఇంకొకర్ని అడుగుతుంది. వాళ్లు ఇస్తారు. కాబట్టి అబద్ధం చెప్పి తప్పించుకుంటే చాలదు, సంగతి చెప్పాలి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. గిడుగు రామ్మూర్తి గారు పుట్టిన పర్వతాలపేట మాకు పక్కనే. ఆయన పుణ్యమా అని మనం మాట్లాడే మాటల్లోనే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ముందు పేను గురించి. మన చేలో మినుము కొసల మీద గుంపులుగా కూచుని రసం పీల్చేదాన్ని పేనుబంక అంటాం. పీల్చి బతకడంలో తల పేనుకీ దానికీ పోలిక ఉంది కాబట్టే పెద్దలు ఆ పేరు పెట్టుంటారు. తల పేనుకి రెక్కల్లేవు. దూకలేదు, ఎగరలేదు. ఆరు కాళ్లు, కాలి చివర కొక్కెంలాంటి గోరు. ఆ గోరుతో వెంట్రుకని పట్టుకుని పాకుతుంది. రోజుకి నాలుగైదు సార్లు రక్తం తాగుతుంది. ఆడపేను వెంట్రుక మొదట్లో గుడ్డు పెట్టి జిగురుతో అంటిస్తుంది. అదే ఈపు. అది ఏడు నుంచి పది రోజుల్లో పొదుగుతుంది. పిల్ల పేను ఇంకో పది రోజులకి ఎదిగి మళ్లీ గుడ్లు పెడుతుంది. బతుకంతా కలిపి నెల రోజులు. తల మీంచి కింద పడితే ఒకటి రెండు రోజుల్లో ఆకలితో చస్తుంది. మనిషి తప్ప దానికి వేరే చేను లేదు.

మన ముసలివాళ్లు ఇంకో మాట కూడా వాడేవారు, చీరపేను అని. తలలో ఉండేది పేను, బట్టల కుట్లలో దాక్కునేది చీరపేను. ఈ తేడా మన భాషలో ఎప్పట్నించో ఉంది. శాస్త్రవేత్తలు కూడా అదే అంటున్నారు. మనిషి బట్ట కట్టడం మొదలెట్టాక తల పేలలో కొన్ని కిందికి దిగి బట్టల్లో కాపురం పెట్టాయట. ఆ రెండు రకాలూ ఎప్పుడు విడిపోయాయో లెక్కగడితే మనిషి ఎప్పట్నించి బట్ట కడుతున్నాడో తెలుస్తుందని 2003లో జర్మనీ వాళ్లు లెక్క వేశారు. సుమారు 70 వేల ఏళ్లని వచ్చింది. 2011లో అమెరికా వాళ్లు ఇంకోలా లెక్కగట్టి లక్షా 70 వేల ఏళ్ల దాకా తీసుకెళ్లారు. లెక్కలో తేడాలున్నా, బట్ట పుట్టిన తేదీకి పేనే సాక్షి. ఆ తేదీ చెప్పే రాయీ లేదు, రాగిరేకూ లేదు.

ఈ బాధ ఎంత పాతదంటే, బ్రెజిల్ దేశంలో సుమారు పది వేల ఏళ్ల నాటి మనిషి వెంట్రుక మీద ఈపు దొరికింది. ఇజ్రాయెల్‌లో లాఖిష్ అనే పాత ఊరు తవ్వుతుంటే 2016లో ఏనుగు దంతం దువ్వెన ఒకటి బయటపడింది. ఒక పక్క చిక్కు తీసే లావుపళ్లు, ఇంకో పక్క పేలు తీసే సన్నపళ్లు. అచ్చం మన సంతలో అమ్మే పేల దువ్వెన లాంటిదే. దాని మీద సన్నగా గీతలున్నాయని తర్వాత కనిపెట్టి, 2022లో చదివి చెప్పారు. 17 అక్షరాలు, ఏడు మాటలు. జుట్టులోంచీ గడ్డంలోంచీ పేలు పోవాలని ఒక కోరిక, అంతే. ఆ దువ్వెన వయసు సుమారు 3,700 ఏళ్లు. అక్షరాలతో రాసే ఆ తీరులో ఇప్పటిదాకా దొరికిన మొదటి పూర్తి వాక్యం అదేనట. రాజు విజయాలు కాదు, పేల బాధ.

మరి మన ఊళ్లో ఏం చేసేవారు? మధ్యాహ్నం పనులయ్యాక అరుగు మీద ముగ్గురు నలుగురు ఒకరెనక ఒకరు కూచుని పేలు చూసుకునేవారు. గోళ్ల మధ్య పెట్టి కుక్కితే టిక్కుమని చప్పుడయ్యేది. ఊళ్లో కబుర్లన్నీ అక్కడే తెలిసేవి. పెళ్లి సంబంధాలు కూడా అక్కడే కుదిరేవి. పుట్టు వెంట్రుకలు సింహాద్రి అప్పన్నకి ఇచ్చొస్తే కొన్నాళ్లపాటు పిల్లల తల శుభ్రంగా ఉండేది. మా నాన్నమ్మ అయితే ఇప్పపిండి నానబెట్టి దాంతో తలంటేది. ఇప్పగింజల్లో నూనె తీశాక మిగిలిన చెక్క అది. నురగ బాగా వస్తుంది.

ఇప్ప అంటే మా ఊరికి మామూలు చెట్టు కాదు. సంస్కృతంలో దాన్నే మధూకం అంటారు. మా ముఖలింగేశ్వరుడు ఇప్పచెట్టు మొదట్లో వెలిశాడని, అందుకే మధుకేశ్వరుడని ఇక్కడ చెప్పుకుంటాం. గాంగ రాజుల నాటి గుడి ఎంత పాతదో ఆ కథా అంత పాతది. దేవుడు వెలిసిన చెట్టు గింజలతోనే మా ఆడవాళ్లు తలంటుకునేవారు. చేపల చెరువుల్లో పనికిరాని చేపల్ని చంపడానికి చల్లేదీ ఆ పిండే. అంటే అందులోనూ విషం ఉంది. కానీ ఎంత నానబెట్టాలి, ఎంతసేపు ఉంచాలి, కంట్లో పడకుండా ఎలా కడగాలి అన్నది తరాల మీద నేర్చుకున్నారు. డబ్బాలో వచ్చిన మందు సంగతి అలా కాదు. అది నేర్చుకునే వ్యవధి మనకివ్వలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

పేను ఒట్టి దురదే అయితే ఇంత చరిత్ర ఉండేది కాదు. తల పేను జ్వరాలు మోసుకురాదు. గోకితే పుండ్లు పడతాయి, పుండ్లకి చీము పడుతుంది, అంతవరకే. చీరపేను అలా కాదు. అది మనుషుల్ని లక్షల్లో చంపింది.

1876 నుంచి 78 దాకా దక్షిణాదిన పెద్ద కరువు. జనం బొంబాయికి వలసపోయారు. అక్కడ 1877లో ఒక జ్వరం లేచింది. వారం కాస్తుంది, తగ్గుతుంది, మళ్లీ తిరగబెడుతుంది. వాండైక్ కార్టర్ అనే డాక్టరు రోగుల రక్తంలో మెలికలు తిరిగిన క్రిమిని చూశాడు గానీ, అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పోతుందో తేలలేదు. ముప్పై ఏళ్ల తర్వాత 1907లో నాసిక్‌లో ఒక మిషన్ ఆశ్రమంలో పిల్లలకి అదే జ్వరం వచ్చింది. మగపిల్లల్లో ఎక్కువ, ఆడపిల్లల్లో తక్కువ. మాకీ అనే డాక్టరు పరిశీలిస్తే మగపిల్లల బట్టల్లోనే పేలు ఎక్కువగా ఉన్నాయి. ఆ పేల పొట్ట కోసి చూస్తే ఆ క్రిమి కనిపించింది. చీరపేను జ్వరం మోస్తుందని తేలిన మొదటి చోట్లలో మన దేశం ఒకటి.

రెండేళ్లకి, 1909లో, ఆఫ్రికా ఉత్తరాన ట్యూనిస్ నగరంలో షార్ల్ నికోల్ అనే డాక్టరు టైఫస్ జ్వరం గుట్టు విప్పాడు. టైఫస్ రోగి వీధిలో ఉంటే పక్కవాడికి అంటుతోంది. ఆసుపత్రి గుమ్మం దాటి మంచం మీదికొచ్చాక ఎవరికీ అంటడం లేదు. ఎందుకని? గుమ్మం దగ్గర రోగి బట్టలు విప్పించి, స్నానం చేయించి, ఆసుపత్రి బట్టలు కట్టబెడుతున్నారు. ఆ విడిచిన బట్టలు ఎత్తినవాళ్లకి మాత్రం జ్వరం వస్తోంది. అయితే రోగం ఉన్నది బట్టల్లో, బట్టల్లో ఉన్నది పేను. కోతుల మీద పరీక్ష చేసి రుజువు చేశాడు. 1928లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆ రోజుల్లో మన ఉత్తరాంధ్ర నుంచి వేలమంది ఓడెక్కి రంగం పోయేవారు, రేవులో మూటలు మొయ్యడానికి. మా తాతా పోయాడు. 1930లో రంగం రేవులో బర్మా వాళ్లకీ మన తెలుగు కూలీలకీ గొడవలు జరిగి మనవాళ్లు చాలామంది చనిపోయాక ఆయన తిరిగొచ్చేశాడు. ఓడలో జనం ఒకరి మీద ఒకరు పడుకుని రావడమే. ఇంటికొస్తే మా నాన్నమ్మ గుమ్మంలోనే ఆపేసిందట. వీధిలోనే బట్టలు విప్పించి, చాకలి ఇంటికి పంపి బానలో ఉడకబెట్టించింది. తాతకి కొత్త పంచె ఇచ్చి, ఇప్పపిండితో తలంటి, అప్పుడు లోపలికి రానిచ్చిందట. నికోల్ పేరు ఆవిడకి తెలీదు. అయినా గుమ్మం దగ్గర ఆయన ఆసుపత్రిలో ఏం చేసేవారో ఆవిడా అదే చేసింది. సౌడు మట్టి పెట్టి, బానలో బట్టలు ఉబ్బేసి ఉతికిన చాకలివాళ్లు ఊరికి ఎంత మేలు చేశారో మనం ఎన్నడూ లెక్కగట్టలేదు. పైగా మనది ఉక్క నేల. పలచటి నూలు బట్ట కట్టి రోజూ వంశధారలో మునిగేవాళ్లం. చీరపేనుకి ఉన్ని బట్ట, చలి, స్నానం లేకపోవడం కావాలి. అందుకే ఆ టైఫస్ మన దేశంలో కాశ్మీరు వంటి చలి ప్రాంతాల్లోనే ఎక్కువగా కనిపించింది.

చలిదేశాల్లో ఏమైందో చూడండి. 1812లో నెపోలియన్ ఆరు లక్షల సైన్యంతో రష్యా మీదికి పోయాడు. తిరిగొచ్చినవాళ్లు కొద్దిమంది. చలి, ఆకలి, జ్వరాలు. లిథువేనియాలో విల్నియస్ దగ్గర 2001లో ఆ సైనికుల సామూహిక సమాధి బయటపడితే మట్టిలోనూ బట్టల్లోనూ పేల ముక్కలు దొరికాయి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత రష్యాలో టైఫస్ చెలరేగి సుమారు ముప్పై లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ క్రిమిని వెతికిన డాక్టర్లనీ అది వదల్లేదు. రికెట్స్ అనే ఆయన 1910లో, ప్రొవాజెక్ అనే ఆయన 1915లో అదే జ్వరంతో పోయారు. వాళ్లిద్దరి పేరే ఆ క్రిమికి పెట్టారు. పేను కుట్టడం వల్ల టైఫస్ రాదు. పేను పెంట చర్మం మీద పడి, మనం గోకినప్పుడు గీతల్లోంచి లోపలికి పోతుంది. రోగి రక్తం తాగిన పేను కూడా ఆ జ్వరంతోనే చస్తుంది.

పోలండ్‌లో రుడాల్ఫ్ వైగల్ అనే శాస్త్రవేత్త పేల పొట్టలో ఆ క్రిమిని పెంచి టైఫస్‌కి టీకా చేశాడు. పేలు బతకాలంటే మనిషి రక్తం కావాలి. చిన్న చిన్న పెట్టెల్లో పేలు పెట్టి మనుషుల కాళ్లకి కట్టేవారు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు లవీవ్ నగరం ఆక్రమించినప్పుడు, పేలకి రక్తం ఇచ్చే పనివాళ్లన్న పేరుతో ఎంతోమంది పంతుళ్లనీ పండితులనీ ఆయన కాపాడాడు. టైఫస్ అంటే జర్మన్లకి భయం కాబట్టి వాళ్ల జోలికి పోయేవారు కాదు. పేను మనుషుల్ని బతికించిన కథ నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక మన సంగతికి దగ్గరకొచ్చాం. 1939లో స్విట్జర్లాండ్‌లో పాల్ ముల్లర్ అనే ఆయన డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టాడు. 1943 చివర్లో ఇటలీలో నేపుల్స్ నగరంలో టైఫస్ లేచింది. యుద్ధం, చలి, జనం సొరంగాల్లో దాక్కుని ఉన్నారు. అమెరికా వాళ్లు మొదట్లో వేరే పొళ్లు, తర్వాత డీడీటీ, చొక్కా మెడలోంచీ చేతుల్లోంచీ పిచికారీలతో కొట్టారు. పది లక్షల మందికి పైగా కొట్టారు. నడిచలికాలంలో టైఫస్ ఆగిపోయింది. అలా ఆగడం అంతకుముందు ఎవరూ చూడలేదు. 1948లో ముల్లర్‌కి నోబెల్ ఇచ్చారు. కానీ అట్టే కాలం సాగలేదు. 1950-51 చలికాలంలో కొరియా యుద్ధంలో అదే పొడి కొడితే సైనికుల బట్టల్లో పేలు చావలేదు. మందుకి అలవాటు పడిపోయాయి. ఇది మనకి కొత్తా? వరిలో సుడిదోమ ఏం చేసిందో మనం చూడలేదా? మొదటి ఏడు ఒక్క దెబ్బకి రాలిపోయింది, తర్వాత రెట్టింపు మోతాదుకి కూడా లొంగలేదు.

మన దేశంలో 1953లో మలేరియా కార్యక్రమం మొదలెట్టి ఇళ్ల గోడలకి డీడీటీ కొట్టారు. తర్వాత గమాక్సిన్ పొడి, ఎండ్రిన్ చేలలోకి వచ్చాయి. దోమ చచ్చింది, నల్లి చచ్చింది, పురుగు చచ్చింది. సర్కారు వాళ్లే ఇంట్లో కొడుతున్న మందు మనిషికేం చేస్తుందిలే అని జనం అనుకున్నారు. అలా ఆ పొడి పిల్లల తలల మీదికొచ్చింది. తల్లుల్ని నేను తప్పు పట్టను. నేపుల్స్‌లో తెల్లదొరలు చేసిందీ అదే కదా. కాకపోతే డీడీటీ పొడి వేరు, ఎండ్రిన్ వేరు. ఆ తేడా ఎవరూ చెప్పలేదు. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంది గానీ చదవడం మా అమ్మకి రాదు.

అవును, మా అమ్మే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, చెల్లికి ఆరు. దానికి జుట్టు ఒత్తు. బడిలో పక్కన కూచోనివ్వడం లేదని ఏడ్చుకుంటూ వచ్చింది. నాన్న చేలో కొట్టగా మిగిలిన ఎండ్రిన్ డబ్బా పశువులశాల చూరులో ఉంది. అమ్మ నాలుగు చుక్కలు కొబ్బరినూనెలో కలిపి చెల్లి తలకి పట్టించి, పాత గుడ్డ బిగించి కట్టింది. గోకి గోకి తలంతా పుండ్లు. పొద్దువాలేసరికి చెల్లి కళ్లు తేలేసింది, కాళ్లూ చేతులూ కొట్టుకుంది. నాన్న బండి కట్టాడు. అమ్మ ఒళ్లో పెట్టుకుంది. నేను బండి వెనక పరిగెత్తాను, ఇంటికి పొమ్మని నాన్న అరిచాడు. ఆసుపత్రి దాకా పోనే లేదు, దారిలోనే బండి తిప్పేశారు.

ఊరికి గాలి సోకిందని చెప్పాం. అమ్మ బతికున్నన్నాళ్లూ ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఇప్పటిదాకా ఆవిడ కోసమే ఊరుకున్నాను. కానీ మొన్న అరుగు మీద ఆ గుంటని చూశాక, ఇలా ఊరుకుని ఎవర్ని కాపాడుతున్నానా అనిపించింది.

ఎండ్రిన్‌ని 1990లో నిషేధించారు. డీడీటీని అంతకు ముందు ఏడే పంటలకి వాడొద్దన్నారు. గమాక్సిన్ 1997లో, లిండేన్ 2013లో పోయాయి. అయితే మనం ఇప్పుడు కొడుతున్న క్లోరోపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివి తక్కువేం కాదు. ఇవి తాగక్కర్లేదు, చర్మంలోంచే లోపలికి పోతాయి. ముంజేతి చర్మం కంటే తల చర్మం మందుని ఎక్కువ పీలుస్తుంది. తల మీద పుండ్లుంటే చెప్పక్కర్లేదు. పిల్లల ఒళ్లు చిన్నది, చుక్కే ఎక్కువ. నోట్లోంచి చొంగ, చెమట, వాంతులు, తర్వాత మూర్ఛ, ఊపిరి ఆడకపోవడం. పొరపాటున ఎవరైనా పట్టించేసి ఉంటే, సిగ్గుపడి దాచకండి. వెంటనే బట్టలు తీసేసి, సబ్బుతో ఎక్కువ నీళ్లు పోసి తల కడగండి, 108కి ఫోన్ చెయ్యండి. డబ్బా కూడా ఆసుపత్రికి పట్టుకెళ్లండి, ఏ మందో డాక్టరుకి తెలిస్తే విరుగుడు ఇవ్వగలరు.

కిరసనాయిలూ వద్దు, పొయ్యి దగ్గర తల అంటుకుంటుంది. సీతాఫలం గింజల పొడి పేలని చంపుతుంది గానీ కంట్లో పడితే చూపుకే ముప్పు.

మరేం చెయ్యాలి? మందుల దుకాణంలో తల పేలకని పెర్మెత్రిన్ ఒక శాతం లోషన్ దొరుకుతుంది. చిన్నపిల్లలకైతే ఆశా కార్యకర్తనో ఏఎన్ఎం అమ్మనో అడిగి వాడండి. ఒకసారి రాస్తే ఈపులన్నీ చావవు. అందుకే తొమ్మిది పది రోజులకి, అవి పొదిగాక, మళ్లీ రాయాలి. మందు అక్కర్లేదనుకుంటే తల తడిపి, నూనె రాసి, పాయలు పాయలుగా తీసి పేల దువ్వెనతో దువ్వండి. మూడు రోజులకోసారి, రెండు వారాలు తగ్గకుండా. ఇంట్లో అందరి తలలూ ఒకేసారి చూడాలి. ఒక్క మడికే మందు కొట్టి పక్క మడి వదిలేస్తే పురుగు ఎక్కడికి పోతుందో మనకి తెలుసు కదా. దువ్వెనలు వేడినీళ్లలో వెయ్యండి, దుప్పట్లు ఎండలో పరవండి.

ఇంకొకటి. ఈమధ్య మన జిల్లాల్లో స్క్రబ్ టైఫస్ అన్న మాట వినిపిస్తోంది. పేరులో టైఫస్ ఉందని పేలకి ముడిపెట్టకండి. అది గడ్డిలో, పొదల్లో ఉండే కంటికానని చిన్న నల్లి పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. జ్వరంతో పాటు ఒంటి మీద కాలినట్టు నల్లటి మచ్చ కనిపిస్తే డాక్టరుకి చూపించండి. తొందరగా పట్టుకుంటే మాత్రలతోనే తగ్గుతుంది.

పేలు పట్టడం తప్పు కాదు. రాజులకీ పట్టాయి, దంతపు దువ్వెన కొనగలిగిన వాళ్లకీ పట్టాయి. బడిలో పిల్లల్ని దూరంగా కూచోబెట్టేది మనమే, ఆ సిగ్గుకి తాళలేక డబ్బా అందుకునేదీ మనమే.

మర్నాడు సంతలో పేల దువ్వెన ఒకటి కొని పెద్దమ్మ ఇంటికెళ్లాను. "నిన్న అబద్ధమాడాను పెద్దమ్మా, డబ్బాలో మందుంది" అన్నాను. ఎందుకివ్వలేదో చెప్పాను. చెల్లి పేరెత్తగానే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు తెలుసురా బావూ. ఆవేళ నీళ్లు పోసింది నానే. నూనెతో పాటు మందు వాసనొచ్చింది" అంది. మరి తెలిసీ మందు ఎందుకడిగావని నేను అడగలేదు. నలభై ఏళ్ల పైచిలుకైంది, మనవరాలు నిద్రపోవడం లేదు.

గుంటని ముందు కూచోబెట్టుకుని తల తడిపింది. దువ్వెన పెట్టి లాగుతుంటే తెల్లగుడ్డ మీద పేలు రాలుతున్నాయి. గురువారం మళ్లీ దువ్వాలని గుర్తుచేసి వచ్చాను.

మీ ఇంట్లో చూరు కింద, పశువులశాలలో, మంచం కింద మిగిలిపోయిన డబ్బాలుంటే ఈ రోజే తీసి తాళం వేసే చోట పెట్టండి. ఎవరైనా తలకని అడిగితే "లేదు" అని నాలాగా తప్పించుకోకండి. ఎందుకివ్వరో చెప్పండి.